ఉత్తరాంధ్రలో పలువరుస చికిత్స: అడ్డపొగ అధ్యయనాల నుండి పళ్ళ క్లిప్పుల వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ప్రజల నోటి ఆరోగ్యం ప్రపంచ వైద్య సాహిత్యంలో ప్రధానంగా ఒకే కారణంతో చోటు సంపాదించింది. అది అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న కొసను నోట్లో ఉంచుకొని చుట్ట కాల్చే అలవాటు. 1937 నుండి 1986 వరకు సాగిన పరిశోధనలు ఈ ప్రాంతపు పెద్దల అంగిలిని పరిశీలించాయి. అదే కాలంలో పిల్లల పలువరుస మాత్రం పరిశోధకుల దృష్టికి గాని, ప్రభుత్వాల దృష్టికి గాని పెద్దగా రాలేదు. వంకర పళ్ళను సరిచేసే తీగల చికిత్స, వాడుకలో ‘పళ్ళ క్లిప్పులు’, ఈ ప్రాంతపు యువతకు ఎప్పుడు, ఏ మార్గంలో అందుబాటులోకి వచ్చిందో, ఆ ఆలస్యానికి కారణాలేమిటో ఈ వ్యాసం చర్చిస్తుంది. విద్యాసంస్థల దూరం, చికిత్సకు పట్టే కాలం, ‘అందం’ అనే ముద్ర – ఈ మూడూ కలిసి పలువరుసను వర్గభేదానికి గుర్తుగా మార్చాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఉత్తరాంధ్ర, పలువరుస, పళ్ళ క్లిప్పులు, అడ్డపొగ, దంతవైద్య విద్య, గ్రహణమొర్రి, ఆరోగ్యశ్రీ.

1. ప్రవేశిక:

ఒక ప్రాంతపు వైద్య చరిత్రను రాసేటప్పుడు సాధారణంగా మరణాలను కలిగించిన వ్యాధులే ముందుకు వస్తాయి. మశూచి, కలరా, మలేరియా, క్షయ వంటి వాటికి దస్త్రాలు ఉంటాయి, నివేదికలు ఉంటాయి. ప్రాణం తీయని బాధలకు ఆ గౌరవం దక్కదు. పళ్ళు ఎత్తుగా ఉండడం, ఒకదానిపై ఒకటి ఎక్కడం, పైదవడ కిందిదవడతో పొసగకపోవడం ఆ కోవకు చెందినవి. వీటివల్ల ఎవరూ చనిపోరు. కాని నమలడంలో, ఉచ్చారణలో, నవ్వడంలో, నలుగురిలో నిలబడడంలో అవి మనిషిని జీవితాంతం ప్రభావితం చేస్తాయి. ముందుకు పొడుచుకు వచ్చిన పళ్ళు దెబ్బ తగిలినప్పుడు విరిగే అవకాశం ఎక్కువ. ఇరుకుగా ఉన్న పళ్ళను శుభ్రం చేయడం కష్టం.

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుండి ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఈ రెండు జిల్లాల భాగాలతో పార్వతీపురం మన్యం జిల్లా అవతరించింది. తీరం, మైదానం, మన్యం అనే మూడు భౌగోళిక మండలాలు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. వలస ఈ ప్రాంతపు జీవన లక్షణాలలో ఒకటి. మత్స్యకారులు గుజరాత్ తీరంలోని వెరావల్ వరకు వెళ్ళి పనిచేస్తారు. వ్యవసాయ కూలీలు, భవన నిర్మాణ కార్మికులు విశాఖపట్నానికి, హైదరాబాదుకు, ఇతర రాష్ట్రాల నగరాలకు తరలివెళ్తారు. నెలనెలా వైద్యుని ముందు కూర్చోవలసిన చికిత్స ఇటువంటి ప్రాంతంలో ఎలా వేరూనిందనేది చరిత్రకారుడు పట్టించుకోదగిన ప్రశ్న.

2. పలువరుస – భాష, నమ్మకం, శాస్త్రసంప్రదాయం:

తెలుగు భాషలో పళ్ళ అమరికకు సంబంధించిన పదసంపద గణనీయమైనది. ‘పలువరుస’ అనే మాటలోనే క్రమం అనే భావన ఉంది. ఎత్తుపళ్ళు, గొగ్గిపళ్ళు, సందుపళ్ళు, కోరపళ్ళు వంటి మాటలు ఆ క్రమం తప్పిన స్థితులకు పేర్లు. వీటిలో చాలావరకు వ్యక్తుల ముందు అనే మాటలు కావు, వెనుక అనే మాటలు. పెళ్ళిచూపుల సందర్భంలో ఆడపిల్ల పలువరుస మీద వ్యాఖ్యానించడం తెలుగు సమాజంలో మామూలు విషయంగానే చలామణి అయింది. మగపిల్లవాని విషయంలో అంత పట్టింపు కనిపించదు. పలువరుస చరిత్రలో స్త్రీపురుష భేదం మొదటినుండీ ఉందనడానికి ఈ వాడుకే సాక్ష్యం.

పళ్ళ చుట్టూ అల్లుకొన్న నమ్మకాలు కూడా తక్కువేమీ కాదు. పసిబిడ్డకు పైపన్ను ముందుగా వస్తే మేనమామకు గండమనే నమ్మకం తెలుగునాట విస్తృతంగా ఉంది. ఊడిన పాలపన్నును ఇంటికప్పు మీదకు విసిరే ఆచారమూ ఉంది. ఈ రెండింటికంటె చికిత్సపై ఎక్కువ ప్రభావం చూపిన నమ్మకం మరొకటి. పైపన్ను పీకిస్తే చూపు దెబ్బతింటుందనేది ఆ నమ్మకం. దీనికి శాస్త్రాధారం లేదు. పళ్ళకు, కళ్ళకు వెళ్ళే నాడీశాఖలు వేరు. కాని ఇరుకు పళ్ళను వరుసలోకి తేవడానికి తరచు రెండు లేదా నాలుగు చిన్న దవడపళ్ళను తీయవలసి వస్తుంది. అందువల్ల ఈ నమ్మకం క్లిప్పుల చికిత్సకు నేరుగా అడ్డు నిలుస్తుంది.

ప్రాచీన వైద్యగ్రంథాలు పళ్ళ వంకరను గుర్తించాయి. వాగ్భటుని అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో ముఖరోగాల సందర్భంలో ‘కరాళ’ అనే పేరుతో వికృతంగా మొలిచిన పళ్ళను, ‘అధిదంత’ అనే పేరుతో అదనపు పన్నును పేర్కొన్నారు. సుశ్రుత సంహిత దంతధావనానికి 12 అంగుళాల పొడవు, చిటికెనవేలి లావు గల పుల్లను విధించింది. చేదు రుచిగల వాటిలో వేపను, కారపు రుచిగల వాటిలో కానుగను మేలైనవిగా చెప్పింది. ఉత్తరాంధ్ర పల్లెలలో ‘పందుంపుల్ల’ అని పిలిచే వేప, కానుగ పుల్లల వాడుక ఈ సంప్రదాయానికి కొనసాగింపే. పేదఇళ్ళలో బొగ్గు, పిడకల కచ్చిక, ఉప్పు, ఇటుకపొడి కూడా వాడారు. అయితే శుభ్రపరచడానికి సంప్రదాయంలో ఉపాయాలు ఉన్నాయి గాని, వంకరను సరిచేయడానికి లేవు. పళ్ళ వంకరను పుట్టుకతో వచ్చిన రాతగా స్వీకరించడమే రివాజు. క్లిప్పుల చికిత్స తెచ్చిన ప్రధానమైన మార్పు పరికరంలో కంటె ఈ దృష్టిలో ఉంది. రాతగా భావించిన దానిని దిద్దుకోదగిన దానిగా అది చూపించింది.

3. 1937: రెండు పరిశీలనలు:

మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు ప్రాంతాల నోటి ఆరోగ్య చరిత్రలో 1937 కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది ‘ఇండియన్ మెడికల్ గెజెట్’ పత్రికలో తెలుగునేలకు సంబంధించిన రెండు పరిశీలనలు వెలువడ్డాయి. మొదటిది షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు నెల్లూరు జిల్లాలో గుర్తించిన ఫ్లోరోసిస్ వ్యాధికి సంబంధించినది. భారతదేశంలో ఈ వ్యాధిని గుర్తించడం అదే తొలిసారి. పళ్ళమీద గారమచ్చలు ఆ వ్యాధికి కంటికి కనిపించే తొలి ఆనవాళ్ళు. తాగునీటిలోని దోషాన్ని పళ్ళు బయటపెట్టాయి.

రెండవది విశాఖపట్నంలో పనిచేసిన కిని, రావు అనే వైద్యులు కాన్సర్ సమస్యపై ప్రకటించిన వ్యాసం. 1923లో స్థాపితమైన ఆంధ్ర వైద్య కళాశాల, అదే ఏడాది ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉత్తర కోస్తాకు ఆధునిక వైద్యకేంద్రాలయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రోగులు అక్కడికే చేరేవారు. అంగిలి కాన్సర్ ఇక్కడ అసాధారణంగా ఎక్కువగా కనబడడం వైద్యుల దృష్టికి వచ్చింది. ఇతర ప్రాంతాలలో నోటి కాన్సర్ బుగ్గలోపల, నాలుకమీద ఎక్కువగా వస్తుండగా, ఇక్కడ గట్టి అంగిలిమీద రావడం విశేషం.

ఈ రెండు పరిశీలనల మధ్య తేడాను గమనించాలి. దక్షిణాన నోరు నీటికి సాక్షి అయింది. ఉత్తరాన నోరు అలవాటుకు సాక్షి అయింది. దక్షిణాన సాక్ష్యం పిల్లల పళ్ళపై మొదలవుతుంది, ఎందుకంటే పన్ను పింగాణి తయారయ్యే బాల్యంలోనే ఫ్లోరైడు దానిని దెబ్బతీస్తుంది. ఉత్తరాన సాక్ష్యం నడివయసులో, ముసలితనంలో బయటపడుతుంది. అందువల్ల ఉత్తరాంధ్రలో నోటి పరిశోధన అంటే పెద్దల పరిశోధనగా స్థిరపడింది. పిల్లల నోళ్ళను తెరచి చూడవలసిన శాస్త్రీయ అవసరం ఎవరికీ తోచలేదు.

4. అడ్డపొగ అధ్యయనాలు (1957–1986):

చుట్ట ఉత్తరాంధ్ర జీవితంలో ఎంత లోతుగా పాతుకొన్నదో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ చూపుతుంది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పునారచన పొందిన ఈ నాటకంలో గిరీశం శిష్యుడైన వెంకటేశానికి చదువుకంటె ముందు చుట్టే అలవడుతుంది. పొగాకు బాల్యంలోకి ఎంత సులభంగా ప్రవేశిస్తుందో ఆ హాస్యం వెనుక కనిపిస్తుంది. నాటకంలోని చుట్ట మగవారి విలాసం. తీరప్రాంత పల్లెలలో అడ్డపొగ ప్రధానంగా శ్రమించే స్త్రీల అలవాటు. తల్లినుండి కూతురికి ఇది సంక్రమించింది.

1957లో రెడ్డి, రావు అనే పరిశోధకులు కోస్తాంధ్రలో అంగిలి కాన్సర్‌కు నిప్పుకొసను నోట్లో ఉంచుకొని చుట్ట కాల్చడమే కారణమని ప్రతిపాదించారు. 1960ల రెండవ భాగంలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధన విభాగం దేశంలోని ఐదు జిల్లాలలో ఇంటింటి సర్వే నిర్వహించింది. గుజరాత్‌లోని భావనగర్, కేరళలోని ఎర్నాకుళం, బీహారులోని దర్భంగా, అప్పటి బీహారులోని సింగ్‌భూమ్, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం ఆ జిల్లాలు. ఫలి మెహతా బృందం 50,915 మంది గ్రామీణులను పరీక్షించి 1969లో ఫలితాలను ప్రకటించింది. శ్రీకాకుళం జిల్లాలో పరీక్షించిన 10,169 మంది వివరాలను డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్’లో విడిగా ప్రకటించారు. వారిలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవారని తేలింది. వీరిలో స్త్రీలే ఎక్కువ. 1977లో మొదలైన మరో కార్యక్రమంలో ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలకు చెందిన 36,000 మందికి పైగా పొగాకు వినియోగదారులకు ఆరోగ్య బోధన చేశారు. బోధన వల్ల అలవాటు మానేవారి సంఖ్య పెరుగుతుందని, కాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు తగ్గుతాయని 1986లో ‘లాన్సెట్’ పత్రిక ద్వారా లోకానికి తెలిసింది.

ఈ అధ్యయనాల విలువ నిర్వివాదం. వీటిలో దంతవైద్యులు పల్లెలకు వచ్చారు. గుమ్మంలో కూర్చుని నోళ్ళు చూశారు. ఒకే మనిషి నోటిని ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ పరీక్షించారు. అయితే వారు పదిహేనేళ్ళు పైబడినవారినే ప్రధానంగా చూశారు, అంగిలినే ప్రధానంగా చూశారు. ఆ పద్ధతి పిల్లల పలువరుసకు విస్తరించలేదు. ఇది పరిశోధకుల తప్పు కాదు. ప్రాణాపాయం ముందు పలువరుస చిన్న విషయమే. కాని ఒక ప్రాంతం ఒక వ్యాధితో మాత్రమే గుర్తింపు పొందినప్పుడు, అక్కడి ఇతర అవసరాలు కనుమరుగవుతాయనే సత్యానికి శ్రీకాకుళం మంచి ఉదాహరణ.

5. తీగల చికిత్స – పుట్టుక, పరిణామం:

పళ్ళను కదిలించవచ్చుననే ఆలోచన యూరపులో పాతదే. ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ 1728లో ప్రకటించిన గ్రంథంలో లోహపు పట్టీకి పళ్ళను దారంతో కట్టి క్రమంగా వెడల్పు చేసే పద్ధతిని వివరించాడు. దీనిని ప్రత్యేక శాస్త్రంగా నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్. 1899లో ఆయన పళ్ళ అమరిక దోషాలను మూడు తరగతులుగా విభజించాడు. ఆ విభజనకు ఆధారం ఆరేళ్ళ వయసులో మొలిచే మొదటి శాశ్వత దవడపన్ను. 1928లో ఆయన ప్రకటించిన నలుచదరపు గాడి గల పరికరమే నేటి క్లిప్పులకు మూలం.

ఆ తరువాతి పరిణామాలు చికిత్సను సులభతరం చేశాయి. తొలినాళ్ళలో ప్రతి పన్ను చుట్టూ లోహపు పట్టీ తొడగవలసి వచ్చేది. 1955లో బునకోర్ పింగాణిని ఆమ్లంతో గరుకు చేసి పదార్థాలను అంటించే పద్ధతి కనుగొన్నాడు. దాని ఆధారంగా 1960లలో చిన్న బ్రాకెట్లను పన్ను ముఖంపై నేరుగా అంటించడం మొదలైంది. ఆస్ట్రేలియాకు చెందిన రేమండ్ బెగ్ 1950లలో తక్కువ బలంతో పళ్ళను కదిలించే సన్నతీగల పద్ధతిని రూపొందించాడు. భారతదేశంలో ఒక తరం దంతవైద్యులు ఈ పద్ధతిలోనే శిక్షణ పొందారు. 1970లలో లారెన్స్ ఆండ్రూస్ ముందుగానే కోణాలు తీర్చిన బ్రాకెట్లను ప్రవేశపెట్టాడు. అదే దశాబ్దంలో నికెల్–టైటానియం మిశ్రలోహపు తీగలు వాడుకలోకి వచ్చాయి. వంచినా తిరిగి పూర్వరూపానికి వచ్చే గుణం వల్ల ఈ తీగ నెలల తరబడి నెమ్మదిగా పనిచేస్తుంది.

పన్ను కదలడం వెనుక ఉన్న ప్రక్రియ ఆసక్తికరమైనది. పన్నుకు, ఎముకకు మధ్య సన్నని నారపొర ఉంటుంది. తీగ ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది. ఎదుటి వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ కరగడం, కట్టడం శరీరం తన వేగంతో చేసుకొనే పనులు. అందుకే చికిత్సకు సాధారణంగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళ కాలం పడుతుంది. డబ్బు ఎంత పెట్టినా ఈ కాలాన్ని కొంత మేరకే తగ్గించగలరు. సమయం ఈ చికిత్సలో ప్రధానమైన ఖర్చు.

తెలుగు వాడుకలో ‘క్లిప్పు’ అనే ఒకే మాట తీసిపెట్టుకొనే పలకకు, పళ్ళకు అంటించే తీగలకు, చికిత్స ముగిశాక ధరించే రిటైనర్‌కు కూడా వర్తిస్తుంది. దీనివల్ల ‘చిన్నప్పుడు క్లిప్పు పెట్టించుకొన్నాను’ అనే మాట ఏ చికిత్సను సూచిస్తుందో చెప్పడం కష్టం. మౌఖిక చరిత్రను సేకరించే పరిశోధకులు ఈ సందిగ్ధతను గమనించవలసి ఉంది.

6. విద్యాసంస్థల దూరం:

భారతదేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. 1949లో భారత దంతవైద్య మండలి ఏర్పడింది. అర్హత పొందినవారిని ‘ఎ’ భాగంలో, అర్హత లేకున్నా చాలాకాలంగా వృత్తిలో ఉన్నవారిని ‘బి’ భాగంలో నమోదు చేయడానికి ఆ చట్టం వీలు కల్పించింది. ఆనాటి దేశంలో పట్టా పొందిన దంతవైద్యులు ఎంత తక్కువో ఈ ఏర్పాటు తెలుపుతుంది.

1953లో మద్రాసు వైద్య కళాశాలలో దంతవైద్య విభాగం మొదలైంది. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మద్రాసుతో పాటు దంతవైద్య విద్య కూడా తెలుగువారికి పొరుగు రాష్ట్రపు సంపద అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, 1959లో హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా దంతవైద్య విభాగం ప్రారంభమైంది. రాష్ట్రానికి కళాశాల వచ్చింది గాని, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కే కుటుంబానికి అది రాత్రంతా ప్రయాణించవలసిన దూరంలో ఉంది. పన్ను నొప్పికి ఒకసారి ఆ ప్రయాణం చేయవచ్చు. నెలకొకసారి చొప్పున రెండేళ్ళపాటు చేయడం సాధారణ కుటుంబానికి సాధ్యం కాదు.

1965లో భారత ఆర్థోడాంటిక్ సొసైటీ ఏర్పడింది. ఈ శాస్త్రంలో స్నాతకోత్తర విద్య బొంబాయి వంటి నగరాలలో మొదలై నెమ్మదిగా విస్తరించింది. ఈ నిపుణులు సహజంగానే నగరాలలో స్థిరపడ్డారు. ఉత్తరాంధ్రకు నిపుణుల సేవలు మొదట విశాఖపట్నం ద్వారానే అందాయి. శ్రీకాకుళం నుండి అక్కడికి నూరు కిలోమీటర్లకు పైగా దూరం. పలాస, ఇచ్ఛాపురం వారికి అంతకు రెట్టింపు. ఈ దశలో క్లిప్పులు వేయించుకొన్న యువతలో ఉద్యోగుల, వైద్యుల, వ్యాపారుల పిల్లలు, విశాఖపట్నంలో హాస్టళ్ళలో చదువుకొన్నవారు ఎక్కువగా ఉండడం దూరం తెచ్చిన ఫలితమే.

2000 తరువాత పరిస్థితి మారింది. దేశవ్యాప్తంగా ప్రైవేటు దంత కళాశాలలు వెల్లువెత్తాయి. మొత్తం సంఖ్య 300 దాటింది. విశాఖపట్నం రుషికొండలో గీతం దంత కళాశాల, విశాఖపట్నం–విజయనగరం మధ్య సంగివలసలో అనిల్ నీరుకొండ దంత విజ్ఞాన సంస్థ, శ్రీకాకుళం పట్టణ సమీపంలోని చాపురంలో శ్రీ సాయి దంత కళాశాల ఏర్పడ్డాయి. బోధనాసుపత్రులకు రోగుల అవసరం ఉంటుంది. విద్యార్థులు పర్యవేక్షణలో చేసే చికిత్స ప్రైవేటు క్లినిక్కు కంటె తక్కువ ఖర్చుతో లభిస్తుంది. ఈ విధంగా వృత్తివిద్యా వ్యాపారం, అనుకోకుండానే, మధ్యతరగతి దిగువన ఉన్న కుటుంబాలకు క్లిప్పులను చేరువ చేసింది. ప్రభుత్వ ప్రణాళిక చేయని పనిని విద్యావిపణి కొంతమేరకు చేసింది. విపణి చేసిన పని గనుక అది రహదారి వెంబడే ఆగిపోయింది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వంటి మన్యం ప్రాంతాలకు అదే దూరం మిగిలింది.

7. సంరక్షణ – కుటుంబం, తిండి, క్రమశిక్షణ:

క్లిప్పుల చికిత్సలో వైద్యుని పని నెలకు కొద్ది నిమిషాలు. మిగిలిన కాలమంతా బాధ్యత ధరించిన పిల్లలదే. బ్రాకెట్ల చుట్టూ తిండి చిక్కుకొని పాచి పేరుకొంటే కొద్ది వారాలలోనే పింగాణిపై తెల్లమచ్చలు ఏర్పడవచ్చు. వరుస కుదిరినా మచ్చలు మిగులుతాయి. అందువల్ల ప్రతి భోజనం తరువాత ఫ్లోరైడు పేస్టుతో తోమడం, తీగ కింద సన్నని ప్రత్యేక బ్రష్షుతో శుభ్రం చేయడం తప్పనిసరి. పందుంపుల్ల అలవాటున్న ఇంట్లో ఇది కొత్త విద్య. పుల్లను నమలడం వల్ల బ్రాకెట్లు ఊడిపోయే ప్రమాదం ఉంది. తరాలుగా మేలైనదిగా భావించిన సాధనం ఇక్కడ నిషిద్ధమవుతుంది. ఈ సందర్భంలో ఇంటిపెద్దల జ్ఞానానికి, వైద్యుని సలహాకు మధ్య ఘర్షణ తలెత్తడం సహజం.

తిండి విషయంలోనూ అంతే. గట్టి వస్తువులు బ్రాకెట్లను ఊడగొడతాయి, జిగురు వస్తువులు తీగను వంచుతాయి. ఉత్తరాంధ్ర పిల్లల ఇష్టమైన చిరుతిళ్ళలో చాలావరకు ఈ రెండు కోవలవే. చెరకు గడను పళ్ళతో చీల్చడం, జంతికలు కొరకడం, తేగలు నమలడం, ఉద్దానం కొబ్బరి ముక్కను కొరకడం, మామిడితాండ్ర చప్పరించడం, బెల్లం పాకపు ఉండలు తినడం – వీటన్నిటికీ రెండేళ్ళు దూరంగా ఉండాలి. కొన్నిటిని చిన్న ముక్కలుగా కోసుకొని, దవడపళ్ళతో నెమ్మదిగా నమలవచ్చు. సంక్రాంతికి ఇంటినిండా పిండివంటలు ఉన్నప్పుడు పన్నెండేళ్ళ పిల్లవాడు ఈ నియమాన్ని పాటించడం చిన్న పరీక్ష కాదు.

తీగ బిగించిన తరువాత రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. ఆ రోజులలో గంజి, పప్పన్నం, ఇడ్లీ వంటి మెత్తని ఆహారమే శరణ్యం. లోపలి బుగ్గ ఒరుసుకొంటే బ్రాకెట్‌పై మైనం అద్దుతారు. చికిత్స ముగిశాక రిటైనర్ ధరించడం మరో ఘట్టం. పన్ను పాతస్థానానికి తిరిగి వెళ్ళాలని చూస్తుంది. చాలామంది శ్రద్ధ తగ్గేది ఈ ఘట్టంలోనే. పైచదువుకో, పనికో ఊరు మారిన యువకులకు రిటైనర్ పోతే మళ్ళీ చేయించుకొనే వీలు చిక్కదు. మధ్యలో కుటుంబం వలస వెళ్ళితే సమస్య మరింత తీవ్రం. ఒక వైద్యుడు మొదలుపెట్టిన చికిత్సను మరో ఊరిలో మరో వైద్యుడు చేపట్టడానికి వెనకాడుతాడు. పర్యవేక్షణ లేని తీగ నోట్లో మిగిలిపోవడం అసలు చికిత్స లేకపోవడం కంటె హానికరం.

8. అందమా? అవసరమా? – పథకాల దృష్టి:

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని మూడు జిల్లాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు శ్రీకాకుళం మూడవది. వెనుకబాటే ఈ ఎంపికకు ప్రాతిపదిక. పేద కుటుంబాలను అప్పులపాలు చేసే తీవ్రవ్యాధుల నుండి ఆదుకోవడం ఆ పథకం ఉద్దేశం. ఆ దృష్టికోణంలో పలువరుస చికిత్సకు చోటు లేకపోవడం అర్థం చేసుకోదగినదే.

అయితే అందానికీ అవసరానికీ మధ్య గీత ఎక్కడ గీయాలనే ప్రశ్న గ్రహణమొర్రితో పుట్టిన పిల్లల విషయంలో సూటిగా ఎదురవుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ళలోపు పిల్లలలో గుర్తించవలసిన స్థితుల జాబితాలో గ్రహణమొర్రిని, పుచ్చుపళ్ళను చేర్చింది. పెదవి, అంగిలి చీలికలను శస్త్రచికిత్సతో మూయడం మొదటి మెట్టు మాత్రమే. చీలిక ఉన్న దవడలో పళ్ళు వంకరగా, తక్కువగా మొలుస్తాయి. చిగురెముక చీలికను ఎముకముక్కతో పూరించడానికి ముందు, తరువాత తీగల చికిత్స అవసరమవుతుంది. ఆ బిడ్డకు క్లిప్పులు అలంకారం కాదు. నమలడానికి, స్పష్టంగా మాట్లాడడానికి అవి సాధనాలు. శస్త్రచికిత్సకు సాయం అంది, ఆపై ఏళ్ళ తరబడి సాగే దంత చికిత్సకు అందకపోతే మొదటి వ్యయం ఫలితం కూడా అసంపూర్ణంగా మిగులుతుంది.

రెండవ ఉదాహరణ మరింత సామాన్యమైనది. 2002–2003 మధ్య భారత దంతవైద్య మండలి జరిపిన జాతీయ సర్వే ప్రకారం 12, 15 ఏళ్ళ పిల్లలలో దాదాపు నాలుగోవంతు మందికి పళ్ళ అమరికలో ఏదో ఒక దోషం ఉంది. వీటిలో కొన్ని వంశపారంపర్యం. కొన్ని నివారించదగినవి. పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అనే ఉదాసీనత వల్ల అవి పుచ్చి ముందుగానే పోతాయి. పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరుగుతాయి. వెనుక రావలసిన శాశ్వత దంతానికి చోటు ఉండదు. ఆరేళ్ళకు మొలిచే మొదటి దవడపన్నును చాలామంది తల్లిదండ్రులు పాలపన్నే అనుకొంటారు. యాంగిల్ తన శాస్త్రానికి పునాదిగా ఎంచుకొన్న పన్ను, పల్లెటూరి పిల్లవాని నోట్లో మొదట పోగొట్టుకొనే శాశ్వత దంతం కావడం గమనార్హం. ఆ సమయంలో పాఠశాలలో ఒక పరీక్ష, పుచ్చుకు సిమెంటు, ఖాళీని నిలిపి ఉంచే చిన్న తీగ – ఇవి లభిస్తే పన్నెండేళ్ళకు క్లిప్పుల అవసరం కొందరికి తప్పుతుంది, మరికొందరికి తగ్గుతుంది.

9. ఉపసంహారం:

పై చర్చ నుండి ఈ క్రింది అంశాలను గ్రహించవచ్చు.

1. 1937 నుండి 1986 వరకు ఉత్తరాంధ్ర నోటి ఆరోగ్య పరిశోధన అడ్డపొగ చుట్టూ కేంద్రీకృతమైంది. అది పెద్దల అంగిలిని ప్రపంచానికి పరిచయం చేసింది. పిల్లల పలువరుస ఆ వెలుగు పరిధిలోకి రాలేదు.

2. మద్రాసు, హైదరాబాదు, విశాఖపట్నం, చాపురం – ఈ క్రమంలో దంతవైద్య విద్య ఉత్తరాంధ్రకు దగ్గరైంది. దూరం తగ్గిన ప్రతిదశలోనూ క్లిప్పులు వేయించుకొనగల కుటుంబాల పరిధి పెరిగింది.

3. క్లిప్పుల చికిత్సకు డబ్బుతో పాటు స్థిరనివాసం, నెలనెలా తీరిక, ఇంట్లో క్రమశిక్షణ కావాలి. వలస జీవితం ఈ మూడింటినీ దెబ్బతీస్తుంది.

4. పలువరుసను కేవలం అందానికి సంబంధించినదిగా భావించడం గ్రహణమొర్రి బాధితులకు, తీవ్రమైన దోషాలు గల పిల్లలకు అన్యాయం చేస్తుంది.

5. శ్రీకాకుళం పల్లెలలో ఇంటింటికీ వెళ్ళి, ఒకే నోటిని ఏళ్ళ తరబడి గమనించిన అడ్డపొగ అధ్యయనాల పద్ధతిని ప్రాథమిక పాఠశాలలకు వర్తింపజేయవచ్చు. అది ఈ ప్రాంతంలోనే నిగ్గుతేలిన పద్ధతి.

ఒకప్పుడు తల్లినుండి కూతురికి అడ్డపొగ సంక్రమించిన ఇళ్ళలోనే నేడు కూతుళ్ళు అద్దం ముందు నిలబడి తీగల మధ్య బ్రష్షు నడుపుతున్నారు. రెండు తరాల మధ్య నోటిపట్ల దృష్టిలో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. ఆ మార్పు రహదారి పక్కనున్న ఊళ్ళకే పరిమితమవుతుందా, తీరపు పల్లెలకు, మన్యపు గూడేలకు కూడా చేరుతుందా అన్నది పాఠశాల స్థాయిలో తీసుకొనే నిర్ణయాలపై ఆధారపడి ఉంటుంది.